ఏమీ లేని నీళ్లలో నైట్రేట్

మే నెలలో మూడు వారాల పాటు మంచులో నడిచి తెచ్చిన వాగునీళ్ల శాంపిల్స్‌ని జూన్‌లో నా చేత్తో నేనే సింకులో పారబోశాను. మొత్తం పద్దెనిమిది బాటిళ్లు. నీళ్లకేం లోటు లేదు, బాటిళ్లే పనికిమాలినవి. ఆ సంగతి తెలియడానికి నాకు నెల పట్టింది. అదీ నేను కనిపెట్టింది కాదు, మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్ పట్టుకుంది. ఆవిడా తెలుగావిడే, నేను అక్కా అంటాను.

నేను కొలరాడోలో ఎమ్మెస్ చేస్తున్నాను, నీటి రసాయనం మీద. మా అడ్వైజర్‌కి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో ఒక చిన్న ప్రాజెక్ట్ ఉంది. లాక్ వేల్ అనే లోయలో మంచు కరిగే కాలమంతా వాగుల్లో నైట్రేట్ (నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) ఎంత ఉందో వారం వారం కొలవాలి. ఈ లోయకి పరిశోధకుల్లో పెద్ద పేరు. జిల్ బేరన్ అనే శాస్త్రవేత్త నడిపించిన అధ్యయనం అక్కడ 1980ల మొదటి నుంచీ సాగుతోంది. యాసిడ్ వానల భయంతో మొదలుపెట్టారు, చూస్తే అక్కడ పెద్ద తలనొప్పి నైట్రోజన్ అని తేలింది. మాది ఆ అధ్యయనంలో భాగం కాదు. అదే లోయలో, పర్మిట్ తీసుకుని చేసుకునే వేరే చిన్న పని.

మొదట విన్నప్పుడు నాకు ఇది అనవసరపు పనిలాగే అనిపించింది. ఆ పార్కు 1915 నుంచి రక్షిత ప్రాంతం. 1977లో అమెరికా క్లీన్ ఎయిర్ యాక్ట్‌ని, అంటే గాలి కాలుష్యాన్ని అదుపు చేసే చట్టాన్ని సవరించినప్పుడు గాలి విషయంలోనూ అన్నిటికంటే గట్టి రక్షణ ఉండే క్లాస్ 1 ప్రాంతాల్లో చేర్చారు. ఆ లోయలో పొలం లేదు, ఊరు లేదు, ఫ్యాక్టరీ లేదు. పైనంతా బండలు, మంచు, రెండు మూడు చిన్న హిమానీనదాలు. అక్కడ నైట్రేట్ ఏముంటుంది? నైట్రేట్ అంటే ఎరువు, మురుగు. చదువుకున్నదంతా అదే.

సరే, పని పనే. మొదటి ట్రిప్పుకి ముందు రోజు ల్యాబ్ అరలో శుభ్రంగా కడిగి మూతలు పెట్టిన ప్లాస్టిక్ బాటిళ్లు కనిపించాయి. ఎవరో అంత చక్కగా కడిగి పెట్టారు కదా అని తీసుకుని, డీఐ వాటర్‌తో మూడుసార్లు తొలిపి, బ్యాగులో సర్దుకున్నాను. డీఐ వాటర్ అంటే అయాన్లన్నీ, అంటే కరిగి ఉన్న లవణాల ముక్కలన్నీ, తీసేసిన నీళ్లు. ల్యాబ్‌లో మాకు దాంతోనే అన్ని కడుగుళ్లూ. ఈ రెండు నిమిషాల పని గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది.

గ్లేసియర్ గార్జ్ అనే చోట కారు ఆపి నడక మొదలుపెట్టాలి. అక్కడికే సుమారు 2,800 మీటర్ల ఎత్తు. ద లాక్ అనే సరస్సు దాదాపు 3,100 మీటర్ల దగ్గర ఉంటుంది. దూరం చూస్తే ఐదు కిలోమీటర్ల లోపే, ఎండాకాలంలో పిల్లలు కూడా ఎక్కేస్తారు. మే నెలలో మాత్రం దారంతా మంచే. కాళ్లకి స్నో షూలు కట్టుకుని, వీపు మీద పార, సిరంజిలు, ఫిల్టర్లు, నీళ్లలో లవణాలు ఎంత ఉన్నాయో చూపే కండక్టివిటీ మీటర్, ఐస్ డబ్బా మోసుకుంటూ ఎక్కాలి. మంచు కొండకి ఐస్ ప్యాకులు మోసుకెళ్లడమేంటని నేను నవ్వితే, "దిగేటప్పుడు కారులో హీటర్ వేస్తావుగా తమ్ముడూ" అంది అక్క. అక్కడ గాలి సంగతి చెప్పనక్కర్లేదు. సరస్సు దగ్గర నిలబడి మూత తీస్తే మూత చేతిలో ఉండదు.

వాగు దగ్గరికి వెళ్తే వాగు కనపడదు. మంచు కింద ఎక్కడో చప్పుడు. పారతో గొయ్యి తవ్వుకుంటూ పోతే కింద నల్లగా, వేగంగా పోతూ కనపడుతుంది. తవ్విన మంచు నీళ్లలో పడితే ఆ చోటు పనికిరాదు, ఇంకాస్త పైకి వెళ్లి మళ్లీ తవ్వాలి. నేను మొదటిరోజు మూడు గోతులు తవ్వాను.

శాంపిల్ తీయడం పది సెకన్ల పని అనుకున్నాను. అక్క పద్ధతి చూశాక నా వేళ్లకి భయమేసింది. పౌడర్ లేని గ్లోవ్స్ వేసుకుని, నీళ్లు వచ్చే వైపు ముఖం పెట్టి నిలబడాలి. మన కాళ్లు ఎప్పుడూ బాటిల్‌కి దిగువన ఉండాలి. బాటిల్‌ని ఆ వాగు నీళ్లతోనే మూడుసార్లు తొలిపి, ఆ నీళ్లని వెనక్కి, దిగువకి పారబోయాలి. తర్వాత మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి నీళ్ల లోపలే నింపి, గాలి బుడగ లేకుండా లోపలే మూత బిగించాలి. సున్నా డిగ్రీల నీళ్లలో ఇదంతా చేసేసరికి వేళ్లు నావి కావు. ఆ వేళ్లతోనే సిరంజి పట్టుకుని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి నీళ్లు తోయాలి. మొదటి కొన్ని చుక్కలు పారేయాలి. ఫిల్టర్ చేయకపోతే నీళ్లలోని సూక్ష్మజీవులు దారిలోనే నైట్రేట్‌ని తినేస్తాయి. ఇంటికొచ్చేసరికి మనం కొలిచేది వాగుని కాదు, వాటి భోజనం తర్వాత మిగిలినదాన్ని.

ఐదు చోట్ల ఐదు శాంపిల్స్. ఆరోది ఫీల్డ్ బ్లాంక్. ల్యాబ్ నుంచి తెచ్చిన డీఐ వాటర్‌ని అక్కడే, అదే గాలిలో, అదే సిరంజితో ఫిల్టర్ చేసి మామూలు శాంపిల్ లాగే బాటిల్‌లో పోసి, లేబుల్ వేసి కిందికి తేవాలి. అంటే ఏమీ లేని నీళ్లని కొండెక్కించి దించడం. మొదటిసారి నాకు ఇది పూజలో తంతులా అనిపించింది, ఎందుకో తెలియకుండా చేసేశాను.

దిగేటప్పుడు ఎదురైన ఒక పెద్దాయన మా డబ్బాలు చూసి ఆగి, "ఇక్కడి నీళ్లు తాగొచ్చా?" అని అడిగాడు. నైట్రేట్ కొలుస్తున్నాం అని గర్వంగా చెప్పి, పరిమితి లీటరుకి 10 మిల్లీగ్రాములు, ఇక్కడ ఒకటి కూడా ఉండదు, నిశ్చింతగా తాగొచ్చు అనేశాను. అక్క వెంటనే అడ్డుకుని ఆయనకి ఫిల్టర్ చేయకుండా ఏ వాగు నీళ్లూ తాగొద్దని, కంటికి కనపడని, కడుపు పాడుచేసే జియార్డియా లాంటి సూక్ష్మజీవులు ఉండొచ్చని చెప్పింది. ఆయన వెళ్లాక నాకు పడ్డాయి. "నువ్వు చెప్పిన 10 అనే అంకె పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ అందకుండా పోతుందన్న భయంతో పెట్టింది. తాగే నీళ్ల అంకె అది. ఈ వాగుకి దాంతో ఏం పని?"

నిజానికి నాకు అంతవరకూ ఆ తేడా తట్టలేదు. వాగు మంచిదా కాదా అంటే తాగితే మనిషికి ఏమైనా అవుతుందా అన్న ప్రశ్నే అనుకున్నాను. ఆ లోయలో నేల ఎంత పల్చనో చూస్తే తెలుస్తుంది. గ్రానైటు, నీస్ బండలు, వాటి మీద అక్కడక్కడా బెత్తెడు మట్టి. మొక్కలకి పెరగడానికి ఏడాదిలో కొన్ని వారాలే వీలు. వచ్చిన నైట్రోజన్‌ని పీల్చుకునే పచ్చదనమే తక్కువ. మనుషుల హడావుడి లేని రోజుల్లో వానా మంచూ కలిసి అక్కడ ఏడాదికి హెక్టారుకి 0.2 కిలోల నైట్రోజన్ తెచ్చేవని అంచనా. ఈ శతాబ్దం మొదట్లో కొలిస్తే అది దాదాపు 3 కిలోలు. ఆ జీవజాలం తట్టుకోగల హద్దు 1.5 కిలోలని బేరన్ బృందం లెక్క తేల్చింది. ఆ హద్దుని వాళ్లు సరస్సుల అడుగున పేరుకున్న ఒండ్రు సాయంతో పట్టుకున్నారు. ఒండ్రు పొరల్లో డయాటమ్‌ల గాజు పెంకులు చెక్కుచెదరకుండా ఉంటాయి. డయాటమ్ అంటే ఒంటికణపు నాచు. 1950ల నాటి పొరల దగ్గరికి వచ్చేసరికి పాత రకాలు తగ్గి, నైట్రోజన్ ఎక్కువైతే పెరిగే ఆస్టెరియోనెల్లా ఫార్మోసా లాంటివి ముందుకొచ్చేశాయి. ఎవరూ గమనించకముందే సరస్సు మారిపోయింది. తాగే నీళ్ల అంకెతో చూస్తే ఇదేదీ కనపడదు.

రెండో ట్రిప్పులో ఆండ్రూస్ క్రీక్ వైపు వెళ్లాం. అక్కడ వాగు పక్కన కొండ చరియ నుంచి రాలిపడిన బండరాళ్ల గుట్టలు. మంచు కరిగిన చోట ఒక రాయి మీద కూర్చుని రొట్టె తింటుంటే, కింద రాళ్ల సందుల్లోంచి నీళ్ల గలగల వినపడింది. ఎక్కడా నీటి చుక్క కనపడదు, చప్పుడు మాత్రం పక్కనే. అక్క రాయిని తట్టి, "నీ నైట్రేట్‌లో చాలా భాగం ఇక్కడ తయారైందే" అంది. మంచుతో వచ్చిందే నేరుగా వాగులోకి జారుతోందని నేను అనుకున్నాను. అది కాదట. వానతో, మంచుతో వచ్చే నైట్రేట్‌లోని ఆక్సిజన్‌కి ఒక ప్రత్యేకమైన ఐసోటోప్ గుర్తు ఉంటుంది, అంటే అందులో తేలిక, బరువు ఆక్సిజన్ పరమాణువుల పాళ్లు వేరుగా ఉంటాయి. వాగు నీళ్లలోని నైట్రేట్‌లో ఆ గుర్తు చాలావరకు చెరిగిపోయి ఉంటుంది. అంటే మధ్యలో ఎవరో దాన్ని విడగొట్టి మళ్లీ కట్టారు. రాళ్ల సందుల్లో చిటికెడు మట్టిలో, చీకట్లో, చలిలో బతికే బాక్టీరియా చేసే పని అది. గాలిలో వచ్చిన అమ్మోనియాని కూడా అవే నైట్రేట్‌గా మారుస్తాయి. బోడి రాళ్లని చూసి అక్కడ ప్రాణమే లేదనుకున్నవాణ్ణి, ఆ తర్వాత ఆ రాళ్ల మీద కాలు పెట్టాలంటే కాస్త మొహమాటం వేసింది.

ఇక్కడే ఒక పాడు సంగతి కూడా చెప్పాలి. దారి పక్కన ఎక్కడపడితే అక్కడ పని కానిచ్చేసే మహానుభావులు ఉంటారు. శాంపిల్ చోటుకి ఎగువన మంచు మీద పసుపు మరక కనిపిస్తే ఇంకో చోటు చూసుకోవాలి. ఇది ఏ పుస్తకంలోనూ చెప్పరు.

మేలోనే ఎందుకింత తొందరంటే, ఆరు నెలలు పేరుకున్న మంచు కరిగేటప్పుడు అందులోని లవణాలన్నీ సమంగా బయటికి రావు. మొదట కరిగిన నీళ్లు ఎక్కువ భాగాన్ని కడుక్కుని తెచ్చేస్తాయి. వాగులో నైట్రేట్ ఒక్కసారిగా ఎగసి, తర్వాత వారాల్లో పలచబడుతుంది. ఆ ఎగసే వారాలు ఏడాదికి ఒక్కసారే. వాటిని పట్టుకోవడమే మా పని.

ఆ నెలలో మా అయాన్ క్రోమటోగ్రాఫ్, అంటే నీళ్లలో ఏ అయాన్ ఎంత ఉందో కొలిచే మెషిన్, రిపేరులో ఉంది. ఫిల్టర్ చేసిన శాంపిల్స్‌ని ఫ్రీజర్‌లో పెట్టి వాయిదా వేశాం. జూన్ మొదటి వారంలో మెషిన్ బాగైంది. మూడు ట్రిప్పుల బాటిళ్లూ ఒకేసారి ఎక్కించి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఒక్కో శాంపిల్‌కి స్క్రీన్ మీద గీత పాకుతూ వస్తుంది. క్లోరైడ్ దగ్గర చిన్న గుట్ట, తర్వాత నైట్రేట్, ఆ తర్వాత సల్ఫేట్. మొదటి ఐదూ వచ్చాయి, నైట్రేట్ గుట్ట బాగా ఎత్తుగా ఉంది. ఎగసిన వారాలు దొరికాయని సంబరపడ్డాను. ఆరోది బ్లాంక్. క్లోరైడ్ దగ్గర గీత కదల్లేదు. నైట్రేట్ దగ్గర గుట్ట లేచింది. చిన్నది కాదు, వాగు నీళ్ల గుట్ట కంటే పెద్దది.

లేబుళ్లు తారుమారయ్యాయేమో అనుకున్నాను. రెండో ట్రిప్పు బ్లాంక్ కూడా అంతే. మూడోది ఇంకాస్త తక్కువ, అయినా గుట్టే. పొట్టలో తిప్పినట్టయింది. వెళ్లి అక్కని పిలుచుకొచ్చాను. ఆవిడ స్క్రీన్ చూసి ఏమీ అనలేదు. డీఐ నీళ్లని నేరుగా మెషిన్‌లో పెట్టించింది, గీత చదునుగా వచ్చింది. కొత్త ఫిల్టర్‌లోంచి తోసిన డీఐ నీళ్లు పెట్టాం, అదీ చదునే. గ్లోవ్స్ కడిగిన నీళ్లు కూడా పెట్టాం, ఏమీ లేదు. అప్పుడు అడిగింది, "బాటిళ్లు ఏ అరలోవి?"

చూపించాను. ఆవిడ నుదురు కొట్టుకుంది. "అవి లోహాల శాంపిల్స్‌కి కడిగినవి కదా! వాటిని దేంతో కడుగుతారో తెలుసా?"

నైట్రిక్ యాసిడ్‌తో.

సీసం, రాగి లాంటివి కొలిచేవాళ్లు బాటిళ్లని నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి కడుగుతారు. వాళ్లకి అదే శుభ్రం. మూడుసార్లు తొలిపినంత మాత్రాన ప్లాస్టిక్‌కి పట్టుకున్నది పూర్తిగా పోదు, మెల్లగా నీళ్లలోకి దిగుతూనే ఉంటుంది. మామూలు ఏటి నీళ్లయితే ఆ కాస్తా లెక్కలోకి వచ్చేది కాదేమో. కానీ మేం కొలిచే నీళ్లు కండక్టివిటీ మీటర్‌కి దాదాపు వాననీళ్లలా కనిపించేంత పలచనివి. నైట్రేట్ వెతకడానికి నైట్రిక్ యాసిడ్ బాటిల్ పట్టుకెళ్లానన్నమాట. పేరులోనే ఉంది కదా అని ఎవరైనా నవ్వొచ్చు, నేనూ తర్వాత నవ్వాను. ఆరోజు మాత్రం కాదు.

బ్లాంక్‌లో వచ్చినంత మిగతా వాటిలోంచి తీసేస్తే సరిపోతుంది కదా అని అడిగాను. బ్లాంకులే ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నప్పుడు ఏ బాటిల్ ఎంత వదిలిందో ఎలా తెలుస్తుందని ఆవిడ అడిగింది. సమాధానం లేదు. అడ్వైజర్‌కి మెయిల్ రాయడానికి గంటన్నర పట్టింది, నాలుగు లైన్ల మెయిల్‌కి. ఆయన కోప్పడలేదు. "బ్లాంక్ తీసుకెళ్లావు కాబట్టి తెలిసింది. లేకపోతే ఈ అంకెలు అచ్చయ్యేవి" అని ఒక్క ముక్క రాశాడు. ఊరటే, కానీ మే నెల మళ్లీ రాదు. మా గ్రాఫ్‌లో ఆ సంవత్సరం ఎగసే వారాల దగ్గర ఖాళీ ఉంది, ఇప్పటికీ.

జూన్ మధ్య నుంచి కొత్త బాటిళ్లు. యాసిడ్ ఊసే లేకుండా డీఐ నీళ్లలో రోజంతా నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెట్టి, ప్రతి బ్యాచ్‌లో రెండు బాటిళ్లని ముందే మెషిన్‌లో చూసి గానీ కొండెక్కించలేదు. మంచు పోయి దారి తేలింది. ఉరుముల భయానికి తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నానికల్లా బోడి కొండ దాటి చెట్లుండే ఎత్తుకి దిగిపోయేవాళ్లం. పొద్దున నీళ్లకీ మధ్యాహ్నం నీళ్లకీ తేడా ఉంటుంది, ఎండకి మంచు కరిగే కొద్దీ పలచబడతాయి. అందుకే ఏ చోటి శాంపిల్ ఏ వేళకి తీస్తే ప్రతిసారీ ఆ వేళకే తీయాలి.

రెండో తప్పు కూడా చేశాను, చిన్నదే. ఆగస్టు రీడింగులు పట్టికలో వేసి పంపితే, పాత లెక్కలతో పోలిస్తే నైట్రేట్ నాలుగున్నర రెట్లు పెరిగిందని వచ్చింది. ఒక పూట టెన్షన్ పడ్డాను. మెషిన్ ఇచ్చేది మొత్తం నైట్రేట్ బరువు, పాత పట్టికల్లో ఉన్నది అందులోని నైట్రోజన్ బరువు మాత్రమే. రెండిటికీ తేడా 4.43 రెట్లు. తాగే నీళ్ల 10 కూడా నైట్రోజన్ లెక్కే, నైట్రేట్‌గా చెప్తే అది 44 అవుతుంది. ఎక్కడైనా నైట్రేట్ అంకె చూస్తే ముందు ఏ లెక్కో అడగండి. సరిచేశాక మా రీడింగులు ఏవీ లీటరుకి అర మిల్లీగ్రాము దాటలేదు.

అంత చిన్న అంకె వెనక ఉన్నది మాత్రం కింది మైదానం. కొండలకి తూర్పున కార్లు, కరెంటు ప్లాంట్లు, వేల పశువులుండే ఫీడ్‌లాట్లు, ఎరువులేసిన పొలాలు. మామూలుగా గాలి పడమటి నుంచి వీస్తుంది. తూర్పు గాలి తిరిగిన రోజున ఆ అమ్మోనియా, నైట్రోజన్ ఆక్సైడ్లు కొండెక్కి వానగానో మంచుగానో పార్కులో దిగుతాయి. దీన్ని తగ్గించడానికి పార్కూ, రాష్ట్ర, కేంద్ర పర్యావరణ సంస్థలూ కలిసి 2007లో ఒక ప్రణాళిక ఒప్పుకున్నాయి. 2032కల్లా వానా మంచుతో వచ్చే నైట్రోజన్‌ని 1.5 కిలోలకి దించాలి. కార్ల పొగ మీద చట్టాలు పనిచేశాయి, ఆ వైపు తగ్గింది. అమ్మోనియాకి అలాంటి చట్టం లేదు. తూర్పు గాలి వచ్చే సూచన ఉంటే రైతులకి ముందే కబురు పంపి, ఆ రెండు రోజులు పేడ కదపకుండా ఉండమని అడిగే ఏర్పాటు ఒకటి ఉంది. ఇష్టమైతేనే. ఆ పద్ధతి నాకు నచ్చింది, పశువుల వాళ్లని దొంగల్లా చూడకుండా మాట్లాడుతోంది కాబట్టి. అడగడంతోనే ఆ హద్దు దాకా చేరతామా అంటే, నాకు నమ్మకం తక్కువ.

ఇప్పుడు మళ్లీ ఏప్రిల్. ఈ వారాంతం తూర్పు నుంచి పెద్ద మంచు తుపాను అంటున్నారు, ఇక్కడ వసంతకాలపు భారీ మంచు ఆ దిక్కు నుంచే వస్తుంది. మా అరకి పెద్ద అక్షరాలతో నైట్రేట్ అని రాసిన చీటీ అంటించాను. పన్నెండు బాటిళ్లు బోర్లించి ఆరబెట్టాను. రెండిటిలో డీఐ నీళ్లు పోసి నిన్న మెషిన్‌లో చూశాను, గీత ఎక్కడా లేవలేదు. అయినా ఇంకో రెండు చూడమంది అక్క. చూస్తున్నాను.